ఏడు, నాలుగు, ఐదు, ఏడు

తొమ్మిదీ నలభైకి మూడో అంతస్తు కిటికీలోంచి ఒక మనిషి కింద పడింది.

చప్పుడు విన్నవాడు వాచ్‌మన్ ఒక్కడే. సిమెంటు బస్తా పడిందనుకున్నాడట. ఎవర్నో తిట్టుకుంటూ వెనక పెరట్లోకి వెళ్ళాడు. రాతి పలకల మీద టీచరమ్మ బోర్లా పడి ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది. రెండో కాలికి లేదు.

పది యాభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది.

యాభై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు. లిఫ్టు లేని ఆ బిల్డింగుని తిట్టుకుంటూ మూడంతస్తులూ ఎక్కింది. గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చుకుంది. ముందు కిటికీ చూసింది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని వంగి టేబుల్ కింద చూసింది. రెండో చెప్పు అక్కడుంది, తిరగబడి.

"చావబోయే మనిషి ఒక చెప్పు విడిచి, ఒకటి వేసుకుని కిటికీ ఎక్కుతుందాండీ?"

పక్కన నిలబడ్డ డైరెక్టర్ చెమట తుడుచుకున్నాడు.

"మనసు చెదిరిన మనిషికి చెప్పులు గుర్తుంటాయా మేడమ్? పైగా ఉత్తరం రాసిపెట్టి మరీ పోయింది. తప్పు ఒప్పేసుకుంది. ఇక కేసేముంది?"

కేసు ఏముందో కాదు, అసలు ఆ ఆఫీసేమిటో ముందు చెప్పాలి.

దానికి బోర్డు లేదు. పెద్ద కేసుల్లో సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళని ఇళ్ళు మార్చి, ఊళ్ళు మార్చి, కోర్టు రోజు దాకా ప్రాణాలతో ఉంచడం వాళ్ళ పని. ఒకసారి ఎవడో కంప్యూటర్లలో దూరాడు. అప్పట్నుంచీ కంప్యూటర్లు కట్టిపెట్టేశారు. ఏ సాక్షిని ఎక్కడికి చేర్చాలో కాగితం మీద లెక్కగట్టి, అంకెల కింద మార్చి, రేడియోలో పంపుతారు. ఆ అంకెలు గాలిలో ఎవడైనా వినొచ్చు. విన్నా ఏం లాభం, చదవాలంటే ఆ రోజు కీ కావాలి. ఆ కీ తయారుచేసేది టీచరమ్మ. ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి, అందుకే ఆ పేరు.

ఈ నెలలో ఇద్దరు సాక్షులు చచ్చిపోయారు. ఇద్దరిదీ ఒకటే కేసు. ఇద్దర్నీ కొత్త ఇంటికి మార్చిన రోజునే చంపారు. మిగిలింది ఒకే ఒక్క సాక్షి. పదకొండేళ్ళ పిల్ల. తలుపు సందులోంచి హత్య చూసింది, చంపినవాణ్ణి గుర్తుపట్టగలదు.

అంటే కీ బయటికి పోతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఆఫీసులో నెల రోజులుగా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

"ఉత్తరం చూపించండి," అంది ఇన్‌స్పెక్టర్.

టైపు కొట్టిన అంకెలు. జంటలు జంటలుగా ముప్పై నాలుగు. కింద సంతకం లేదు. పక్కనే ఒక చిన్న కార్డు. దాని మీద టీచరమ్మ చేత్తో రాసిన నాలుగు అంకెలు, పైన రెండు, కింద రెండు.

7  4
5  7

"దీన్ని చదివిందెవరు?"

"మా బాబాయ్."

"మీ బాబాయా?"

"నా బాబాయ్ కాదండీ, ఆఫీసంతటికీ బాబాయ్. ముప్పై ఏళ్ళ సర్వీసు. పదింపావుకి మొదలెట్టి, పది ముప్పై అయిదుకల్లా చదివిచ్చాడు."

డైరెక్టర్ ఇంకో కాగితం అందించాడు. గుండ్రటి దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో. 'నేనే చెప్పాను. ఇద్దరు పోయారు. చెల్లి సాయం చేసింది. ఇక బతకలేను.'

"చెల్లెలెవరు?"

"ఇక్కడే పనిచేస్తుంది. వచ్చే మెసేజీలు చదివే పని. నాలుగింటికి పైనుంచి సెక్యూరిటీ వ్యాన్ వస్తుంది మేడమ్. ఆ అమ్మాయిని తీసుకుపోతారు."

"ఎక్కడికి?"

ఆ వ్యాన్ ఎక్కినవాళ్ళు ఎక్కడుంటారో ఇన్‌స్పెక్టర్‌కీ తెలుసు. నెలలకి నెలలు లాయరుండడు, ఉత్తరముండదు. ఆవిడ వాచీ చూసుకుంది. పదకొండూ అయిదు.

*

ముందు డైరెక్టర్.

"తొమ్మిదిన్నర ప్రాంతంలో మీరు పైకి వెళ్ళారట?"

"ఎవరు చెప్పారు?"

"వెళ్ళారా లేదా?"

"వెళ్ళాను. తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి. నాలుగు నిమిషాలున్నాను. నిన్న సాయంత్రం టీచరమ్మ నా గదికొచ్చి, 'దొంగెవరో తెలిసింది సార్, ఒక్క పరీక్ష మిగిలింది, రేపు పదింటికి పేరు చెప్తా'నంది. రాత్రంతా నాకు నిద్ర లేదు. ఆగలేక వెళ్ళి అడిగాను. 'పదింటికే చెప్తాను సార్' అంది."

"ఆ మాట నిన్న ఇంకెవరు విన్నారు?"

"నా గదికి గోడలెక్కడివి మేడమ్? చెక్క పార్టిషన్. గట్టిగా తుమ్మితే హాలంతా చల్లగా ఉండమంటుంది."

"దొంగ పేరు చెప్తానన్న మనిషి, తెల్లారేసరికి నేనే దొంగనని రాసి దూకిందా? మీకు వింతగా లేదూ?"

డైరెక్టర్ నేలచూపులు చూశాడు. ఆయనకి వింతగానే ఉంది. కానీ పైవాళ్ళకి ఒక పేరు కావాలి. ఆ పేరు చచ్చిన మనిషిదైతే ఎదురు చెప్పదు.

తర్వాత రేడియో ఆపరేటర్. ఆఫీసులో ఇతన్ని మూగాయన అంటారు. నోరు లేక కాదు, చెవుల మీద హెడ్‌ఫోన్లు దించడు గనక.

"పొద్దున ఏం పంపారు?"

"ఒకటే. తొమ్మిదీ ఇరవై ఆరుకి. ఆ చిన్నపిల్లని సాయంత్రం మార్చాల్సిన ఇంటి అడ్రసు. బాబాయ్ అంకెల కింద మార్చి తెచ్చిచ్చాడు, నేను పంపాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, పదిన్నరకి మన మెసేజీలు అందుకునే అవతలి ఆఫీసువాళ్ళు 'అర్థం కాలేదు, రిపీట్' అన్నారు. ఈ ఘోరంలో రిపీట్ ఎవరు చేస్తారు మేడమ్? పక్కన రాసిపెట్టాను."

"తొమ్మిదీ నలభైకి ఈ హాల్లో ఎవరున్నారు?"

"నా వీపు హాలు వైపు. చెవుల్లో ఇవి. వెనకాల పులి వచ్చి కూర్చున్నా తెలీదు."

ఆ మాట అని తనే ఉలిక్కిపడ్డాడు.

మూడోవాడు బాబాయ్. తెల్ల జుట్టు, తెల్ల చొక్కా, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు. ఇన్‌స్పెక్టర్ అడక్కముందే కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. మోకాళ్ళ నొప్పులకి ఏం వాడుతున్నారని కూడా అడిగాడు. అలాంటి మనిషి.

"ఎప్పుడు చూశారు ఆవిణ్ణి చివరిసారి?"

"తొమ్మిదీ పదికి కార్డు తీసుకున్నానమ్మా. పిల్ల మెసేజీ మార్చడానికి. తొమ్మిదీ పాతికకి తిరిగిచ్చేశాను. అదీ మా రూలు. కార్డు ఎవరి దగ్గరా ఉండకూడదు."

"అప్పుడెలా ఉంది?"

"ముభావంగా ఉంది. ఏమ్మా ఒంట్లో బాగోలేదా అన్నాను. ఆ మాత్రం కనిపెట్టలేకపోయాను చూడండి." కళ్ళొత్తుకున్నాడు.

"చదవడం మీ పని కాదుగా? చెల్లెలి పని. ఉత్తరం మీరెందుకు చదివారు?"

"కింద అక్క శవం ఉంటే, పైన చెల్లెలి చేత అక్క రాసిన ఆఖరి ఉత్తరం చదివిస్తామా తల్లీ? మనుషులమేనా మనం? అందుకే ఇలా తెమ్మన్నాను. తీరా చదివితే..." తల అడ్డంగా ఊపాడు. "నా చేతుల మీద పని నేర్చుకున్న పిల్ల. ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాదు."

"ఎలా చదివారు?"

"టేబుల్ మీద కార్డుందిగా. దానికి ఇన్వర్స్ కట్టి చదివేశాను. పెద్ద పనేం కాదు."

ఇన్‌స్పెక్టర్ తలూపింది. ఆవిడకి ఆ ముక్క అర్థం కాలేదు. లెక్కల్లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన మనిషి. వాళ్ళమ్మ ఊరడించేది, 'పోనీలేవే, లెక్కలు రాకపోతే మనుషుల్ని చదువుకో' అని. ఈ రోజు రెండూ చదవాల్సి వచ్చింది.

*

చెల్లెల్ని ఒక చిన్న క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. బయట గొళ్ళెం. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడవడం లేదు. పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి తలుపు వేసింది. పన్నెండున్నర.

"నన్నేం చేసినా చెయ్యండి మేడమ్," అంది చెల్లెలు. "అయిదింటికి పోస్టుమార్టం అయిపోతుందట. అప్పుడు అక్క పక్కన నేనుండాలి. మాకెవరూ లేరు. నేను లేకపోతే ఏ దిక్కూ లేని శవంలా రాసేసి పంపేస్తారు. దొంగ అని రాసి పంపేస్తారు."

"నాలుగింటికి వ్యాన్ వస్తుందటగా."

"వస్తుందట."

"మీ అక్క ఆ ఉత్తరం రాసిందంటే నమ్ముతున్నావా?"

"చచ్చినా నమ్మను. కానీ బాబాయ్ అబద్ధం చెప్పడు. అదే నాకు పిచ్చెక్కిస్తోంది."

ఇన్‌స్పెక్టర్ రెండు కాగితాలూ టేబుల్ మీద పరిచింది. ఒకటి అంకెలు, ఒకటి బాబాయ్ చదివిన మాటలు.

"నాకు లెక్కలు రావమ్మాయ్. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. ఇదెలా చేస్తారు?"

పని మాట వచ్చేసరికి చెల్లెలి గొంతు కాస్త కుదుటపడింది.

"ఇరవై ఆరు అక్షరాలు, ఒక ఖాళీ, ఒక చుక్క, ఒక ప్రశ్న గుర్తు. మొత్తం ఇరవై తొమ్మిది. ఒక్కోదానికీ ఒక నంబరు. ఎ ఒకటి, బి రెండు, అలా. ప్రశ్న గుర్తుకి సున్నా. అక్షరాల్ని రెండేసి చొప్పున తీసుకుంటాం. కీ అంటే ఈ నాలుగంకెల మాట్రిక్స్. పై వరసతో గుణించి కూడితే ఒక అంకె, కింది వరసతో గుణించి కూడితే ఇంకో అంకె. ఇరవై తొమ్మిది దాటితే గడియారంలో పన్నెండు దాటినట్టే, మళ్ళీ మొదట్నుంచి."

"మరి వెనక్కి రావాలంటే?"

"ఆ మాట్రిక్స్‌కి ఇన్వర్స్ కట్టాలి. వేసిన తాళాన్ని తీసే కీ అనుకోండి. బాబాయ్ తాళం వేస్తాడు, నేను తీస్తాను. ముప్పై ఏళ్ళుగా వెయ్యడమే ఆయన పని. తియ్యడం మా పని. ఒకరి పని ఇంకొకరు చెయ్యకూడదని రూలు."

ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు పెట్టుకుంది. లెక్క రానివాళ్ళకి ఒక సుఖముంది. అంకెల అర్థం తెలీదు గనక వాటి మొహాలే చూస్తారు. ఆవిడ బాబాయ్ కాగితంలోని అక్షరాల్ని రెండేసి చొప్పున పెన్సిల్‌తో అంకెల కింద రాసుకుంటూ వెళ్ళింది. స్కూల్లో జతపరచుము చేసినట్టు. అయిదో జంట దగ్గర ఆగింది.

"ఇదేమిటే?"

"ఏంటి మేడమ్?"

"మొదటి జంట 2, 18. దాని కింద ఎన్, ఈ. 'నేనే'లో నే. రెండోది కూడా 2, 18, అదే నే. బానే ఉంది. అయిదోది చూడు. మళ్ళీ 2, 18. కానీ కింద పి, పి అని వచ్చింది. 'చెప్పాను'లో. ఒకే అంకెల్ని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చదవొచ్చా?"

"చదవకూడదు. ఒకే కీకి అలా రాదు. బాబాయ్ ఎక్కడో తప్పు..."

చెల్లెలు పెన్సిల్ లాక్కుంది. ఎన్, ఈ తీసుకుని గుణించింది. 2, 18. పి, పి తీసుకుని గుణించింది. 2, 18. ఊరికే టి, ఐ తీసుకుని చూసింది. అదీ 2, 18. హెచ్, ఎ కూడా. అప్పుడు కార్డు దగ్గరికి లాక్కుని నాలుగంకెల వంకా చూసింది. మూలల్ని మూలలతో గుణించింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది.

పెన్సిల్ చేతిలోంచి జారిపోయింది.

"అక్కా," అంది గొంతులోనే.

తర్వాత అయిదు నిమిషాలు ఇన్‌స్పెక్టర్ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఇప్పుడే చెప్పేస్తే ఇక సాయంత్రం దాకా నేను చెప్పడానికేముంటుంది? ఒక్కటి మాత్రం చెప్తాను. లేచి బయటికి వచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టర్‌కి మోకాళ్ళ నొప్పి గుర్తు లేదు.

ఒకటీ పదికి ఆవిడ అవతలి ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఈ రోజు కీ మీకెప్పుడు వచ్చింది?"

"నిన్న సాయంత్రమే మేడమ్. రోజూ ముందు రోజే సీలు కవర్లో వస్తుంది. టీచరమ్మ స్వయంగా పంపిస్తుంది."

"అందులో ఏముంది?"

"పైన 3, 5. కింద 2, 9."

"కచ్చితంగా?"

"కవరు నా చేతిలోనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది. తర్వాత తన కానిస్టేబుల్‌ని పిలిచి రెండు మాటలు చెప్పింది. అతను గేటు దగ్గరికి వెళ్ళాడు.

*

మూడున్నరకి అందరూ హాల్లో కూర్చున్నారు. డైరెక్టర్, మూగాయన, బాబాయ్, చెల్లెలు. సెక్యూరిటీ వ్యాన్ అరగంట ముందే వచ్చేసింది. కింద ఇంజన్ ఆపలేదు. ఆ గురగుర పైదాకా వినిపిస్తోంది. వ్యాన్‌తో వచ్చిన ఆఫీసరు గుమ్మంలో నిలబడి చేతి వాచీ తిప్పుకుంటున్నాడు.

"మేడమ్, ఎంతసేపు?"

"రెండు గుణకారాలు, ఒక్క తీసివేత. అయిపోతే మీరు ఖాళీగా వెళ్ళరులెండి."

చెల్లెలు తల వంచుకుని ఉంది. బాబాయ్ జరిగొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె కదల్లేదు.

"బాబాయ్‌గారూ," అంది ఇన్‌స్పెక్టర్, "పైవాళ్ళు అడుగుతున్నారు, చదివినట్టు రుజువు కావాలట. మీరిచ్చిన కాగితంలో జవాబు ఒక్కటే ఉంది. లెక్క లేదు. రఫ్ కాగితమేదీ?"

"చింపేశానమ్మా. మా రూలది. రఫ్ కాగితం ఉంచకూడదు."

"మంచి రూలే. పోనీ మొత్తం వద్దు. మొదటి జంట ఒక్కటీ మా ముందు చదవండి. 2, 18."

"ఎన్, ఈ."

"అబ్బే, గుర్తున్నది కాదు. లెక్క చేసి. ఇదుగో కాగితం. ఇదుగో కార్డు."

బాబాయ్ నవ్వాడు. చిన్నపిల్లల సరదా తీర్చే పెద్దవాడి నవ్వు. పెన్ను తీసుకున్నాడు.

"ఇన్వర్స్ కట్టాలంటే ముందు డిటర్మినెంట్ చూడాలమ్మా. ఈ మూల ఏడు, ఆ మూల ఏడు. ఏడేడులు నలభై తొమ్మిది."

రాశాడు.

"ఇటు మూల నాలుగు, అటు మూల ఐదు. నాలుగైదులు ఇరవై."

రాశాడు.

"నలభై తొమ్మిదిలోంచి ఇరవై పోతే..."

పెన్ను ఆగింది.

కింద వ్యాన్ ఇంజన్ గురగురలాడుతోంది. బాబాయ్ కాగితం వంకే చూస్తున్నాడు. నుదుటి మీద చెమట బొట్టు ఒకటి పుట్టి, కనుబొమ దాకా జారి, అక్కడ ఆగింది.

"ఎంత?" అంది ఇన్‌స్పెక్టర్.

బాబాయ్ పెన్ను కింద పెట్టాడు.

"చెప్పండి. నాలాంటి మొద్దుకే వచ్చింది. ఎంత?"

"ఇరవై తొమ్మిది." ఆ గొంతు ఆయనది కాదు.

"మీ లెక్కలో ఇరవై తొమ్మిది అంటే?"

చెల్లెలు భుజం మీది చెయ్యి తీసి పక్కన పెట్టింది, ఎవరో మర్చిపోయిన వస్తువులాగా.

"సున్నా," అందామె. "ఇరవై తొమ్మిదంటే మాకు సున్నా. డిటర్మినెంట్ సున్నా అయితే ఆ మాట్రిక్స్‌కి ఇన్వర్స్ లేదు. ఉండదు. ఈ కీతో తాళం వెయ్యొచ్చు, తియ్యలేం. ఒక్కో అంకెల జంటకి ఇరవై తొమ్మిది అక్షరాల జంటలు సరిపోతాయి. పదిమంది కూర్చుని నెలల తరబడి ఊహించుకుంటూ పోవాలి. ఇరవై నిమిషాల్లో ఇన్వర్స్ కట్టి చదివేశానన్నావు బాబాయ్. లేని ఇన్వర్స్ ఎలా కట్టావు?"

డైరెక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు. "మరి... మరి ఉత్తరంలో ఏముందో ఈయనకెలా తెలిసింది?"

"అదేగా నేనూ అడిగేది," అంది ఇన్‌స్పెక్టర్. "ఎవరూ తియ్యలేని పెట్టెలో ఏముందో చెప్పగలిగేవాడు లోకంలో ఒక్కడే. పెట్టినవాడు."

గుమ్మంలో ఆఫీసరు వాచీ తిప్పడం మానేశాడు.

"ఈ పొద్దున తొమ్మిదీ పదికి మీరు కార్డు అడగ్గానే టీచరమ్మ ఇచ్చింది. అసలు కీ కాదు. అసలు కీ నిన్నే సీలు కవర్లో అవతలికి పోయింది. మీకిచ్చింది ఈ ఏడు, నాలుగు, ఐదు, ఏడు. పైకి మామూలు అంకెల్లా కనిపిస్తాయి. ఆవిడ మిగిలిందన్న పరీక్ష ఇదే. నిజాయితీగా పనిచేసేవాడు వేసినా తప్పు లేదు, అవతలివాళ్ళు రిపీట్ అడుగుతారు, ఆవిడే అసలు కీతో మళ్ళీ పంపుతుంది. దొంగ వేస్తే మాత్రం, కీ పనిచెయ్యక మళ్ళీ ఆవిడ దగ్గరికే రావాలి..."

"నేనేం చెయ్యలేదు."

"తొమ్మిదీ పాతికకి కార్డు తిరిగివ్వలేదు మీరు. ఇంటి దగ్గరే రాసుకొచ్చిన మాటల్ని ఈ కార్డుతో అంకెల కింద మార్చారు. ముప్పై ఏళ్ళ చెయ్యి, పది నిమిషాల పని. టైపు చేశారు. అంకెలకి దస్తూరీ ఉండదుగా. డైరెక్టర్‌గారు కిందికి దిగడం చూసి పైకి వెళ్ళారు. ఆవిడ కూర్చునే ఉంది. ఒక చెప్పు విడిచి, సుఖంగా. దూకడానికి లేచిన మనిషి కాదు. కిటికీ దాకా లాక్కెళ్ళి తోసేశారు. కాగితం, కార్డు టేబుల్ మీద పడేశారు. తర్వాత చెల్లెలి మీద జాలి పడి, చదివే పని మీ మీద వేసుకున్నారు. ఆ జాలే పట్టించింది. అది ఆ అమ్మాయి చేతికి పోయుంటే రెండు నిమిషాల్లో చెప్పేది ఇది తాళం పడని తలుపని."

"తాళం పడింది మేడమ్," అంది చెల్లెలు మెల్లిగా. "తీసే దారే లేదు."

బాబాయ్ ఇంకా కాగితం మీది ఇరవై తొమ్మిదినే చూస్తున్నాడు.

"ముప్పై ఏళ్ళు గుణించాను," అన్నాడు. ఎవరితోనూ కాదు. "వెనక్కి తిప్పి చూడ్డం నా పని కాదు. ఒక్కనాడూ చూళ్ళేదు."

"కానిస్టేబుల్!"

కానిస్టేబుల్ బాబాయ్ టిఫిన్ క్యారియర్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఫోన్లన్నీ గేటులో ఇచ్చి రావాలి ఆ ఆఫీసులో. మధ్యాహ్నం రెండింటికి వాచ్‌మన్‌ని సాక్షిగా పక్కన పెట్టుకుని భోజనాల గది వెతికితే, అడుగు గిన్నెకి కింద అతికించి ఉంది ఒక చిన్న ఫోన్. అందులో నెల రోజులుగా రోజుకొక మెసేజీ, నాలుగేసి అంకెలు. ఈ రోజుది తొమ్మిదీ పదమూడుకి పోయింది. 7 4 5 7.

"అంకెలు మాత్రం గాలిలో అందరికీ వినిపిస్తాయి. కీ మీరు అమర్చిపెట్టేవారు. ఆ ఇద్దరి ప్రాణాలకీ చెరి నాలుగంకెలు. ఎవరి కోసం?"

బాబాయ్ తలెత్తాడు. అప్పుడు చూడాలి ఆ మొహం. పొద్దుట్నుంచీ ఉన్న కన్నీళ్ళు లేవు, మెత్తదనం లేదు. కడిగేసిన పలకలా ఉంది.

"నా మేనల్లుడు," అన్నాడు. "కోర్టులో నిలబడేది వాడు. తల్లి పోతే ఎత్తుకుని పెంచాను. వాడికి ఉరి పడుతుంటే చూస్తూ కూర్చోమంటారా?"

"ఆ పదకొండేళ్ళ పిల్లని కూడా ఎవరో ఎత్తుకునే పెంచి ఉంటారు."

"మూడో మెసేజీ కూడా పోయింది." బాబాయ్ నవ్వాడు. ఇందాకటి నవ్వు కాదు. "అడ్రసు గాలిలో ఉంది. కీ వాళ్ళ చేతిలో ఉంది, ఎలాగోలా ఊహించి చదివేసే ఉంటారు. నన్ను పట్టుకుని ఏం చేస్తారు? ఈ పాటికి..."

చెల్లెలు లేచి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఆ చిన్న ఫోన్ తీసుకుని ఆయన మొహం ముందు పెట్టింది. ఆయన మెసేజీ కింద జవాబు ఉంది. పదకొండూ అయిదుకి వచ్చింది. హాలు నిండా పోలీసులుండగా ఆయన తెరిచి చూడలేకపోయిన జవాబు.

'ఏమీ తెలియడం లేదు. కీ తప్పు. మళ్ళీ పంపు.'

బాబాయ్ దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాడు. వ్యాన్ ఆఫీసరూ, కానిస్టేబులూ చెరో రెక్కా పట్టుకుని లేపాల్సొచ్చింది.

మూగాయన అప్పటికే రేడియో ముందు కూర్చున్నాడు. డైరెక్టర్ కొత్త అడ్రసు రాసిచ్చాడు. దాన్ని అసలు కీతో అంకెల కింద మార్చింది చెల్లెలే. నాలుగూ రెండుకి మెసేజీ పోయింది. నాలుగూ తొమ్మిదికి అవతలినుంచి జవాబొచ్చింది. చెల్లెలే చదివింది. పిల్ల క్షేమం, మార్చేస్తున్నాం.

"ఎక్కు," అంది ఇన్‌స్పెక్టర్ కింద జీపు తలుపు తీసి. "అయిదు కాకముందే చేరాలి."

*

ఆసుపత్రి వెనక గది. తెల్ల గుడ్డ. గోడ మీద ట్యూబ్‌లైటు చిటపటలాడుతోంది. లోపలున్న మనిషి రిజిస్టరు తెరిచి, తలెత్తకుండా అడిగాడు.

"బంధువులెవరైనా ఉన్నారా?"

"నేను," అంది చెల్లెలు. "చెల్లెల్ని."

"చావుకి కారణం? ఇక్కడ ఆత్మహత్య అని వచ్చింది."

"కొట్టెయ్," అంది ఇన్‌స్పెక్టర్. "హత్య అని రాయి. డ్యూటీలో ఉండగా. అలాగే రాయి, నేను సంతకం పెడతాను."

అతను కొట్టేసి రాశాడు. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టి, గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎన్నో శవాల్ని చూసింది. ఈవిడ దగ్గరికి మాత్రం వెళ్ళి దణ్ణం పెట్టాలనిపించింది. అది ముందు చెల్లెలికి దక్కాలని ఆగింది.

చెల్లెలు అక్క పక్కన స్టూలు మీద కూర్చుంది. గుడ్డ కింద చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. ఆ చేతి చూపుడువేలికి ఇంకా సిరా మరక ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు, ఆపుకున్నదంతా ఒక్కసారిగా, గోడలు దద్దరిల్లేలా. ఎవరూ ఆపమనలేదు.

చాలాసేపటికి చెవి దగ్గరికి వంగింది.

"వాళ్ళు చదవలేకపోయారక్కా," అంది. "ఆ పిల్ల బతికే ఉంది."